తాడు వెయ్యని ఓడ

డాలీగంజ్,
9 జూన్ 1974

ప్రియమైన చెల్లి మేరీకి, అక్క దీవెనలు.

నిన్న పొద్దున్న ఎప్పటిలాంటిదే. వాన. ప్రార్థన ముగించి కిరసనాయిలు స్టవ్ మీద టీ పెట్టాను. తమ్ముడు ప్రసాద్ డ్యూటీకి బయల్దేరుతూ, "దీదీ, మేరా ఛాతా కిదర్ హై?" అన్నాడు. తలుపు వెనక నుంచి తీసి ఇచ్చాను. "గొడుగడిగితే గాలం కర్ర ఇచ్చావేంటక్కా, ఆఫీసులో చేపలు పట్టనా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్లాను. కళ్ల డాక్టరు బెంగాలీ ఆయన, ఇంగ్లీషులో చెప్పాడు. కుడి కంటికి 'పార్ట్‌లీ', ఎడమ కంటికి 'ఆల్మోస్ట్' చూపు పోయిందన్నాడు. బడిలో ఇంగ్లీషు చెప్పేదానివి. వీటిలో ఏది చిన్నది? ఆదివారం చర్చిలో కీర్తన చదివేది నేనే కదా. అది మానాలా అని ఒకటే దిగులు.

ప్రసాద్‌కు చెప్పకు. ఈ ఉత్తరంలో గీతలు వంకరపోతే వాన అనుకో.

నీ అక్క,
దయావతి

మాయాబందర్,
20 జూన్

పెద్దక్కా,

నా పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. 'స్లైట్‌లీ' అంటే పులుసులో ఉప్పు రవ్వంత తగ్గడం. తినేవాడు ఏమీ అనడు. 'సమ్‌వాట్' అయితే అంటాడు, కానీ తింటాడు. 'పార్ట్‌లీ' అంటే కొబ్బరికాయలో ఒక చెక్క బాగుండి రెండోది చెడడం. 'ఆల్మోస్ట్' అంటే ఓడ జెట్టీ దాకా వచ్చేసింది, తాడు వెయ్యడమొక్కటే మిగిలింది. అన్నిట్లోకీ పెద్దది అదే.

ఎడమ కంటి చూపు దాదాపు పోయిందన్నాడు కదూ? నువ్వేమో ఉప్పు తగ్గిందనుకుంటున్నావు. మంచి చెక్క మిగిలుండగానే ఈ దీవులు దాటి మద్రాసు వెళ్లి ఆపరేషన్ చేయించుకుందాం. నువ్వు చెప్పకపోతే ప్రసాదన్నయ్యకు నేనే రాస్తాను. అవును, బెదిరింపే.

ముద్దులతో,
మేరీ

డాలీగంజ్,
8 జూలై

నా తల్లీ మేరీ,

నీకు ఆ శ్రమ లేకుండా నేనే చెప్పేశాను.

నిన్న ఆరాధనకు ఆస్టినాబాద్ నుంచి వేరే పాస్టరు వచ్చి, ఎప్పుడూ చదవని కీర్తన ప్రకటించారు. లేచి నిలబడ్డాను. పేజీలో అక్షరాలు చీమల్లా కలిసిపోయాయి. కంఠతా వచ్చిన ఇంకో కీర్తన చదివేశాను. ఎవరూ కదల్లేదు. పాపం, పాస్టరుగారొక్కరే తన పుస్తకం అటూ ఇటూ తిప్పుకున్నారు. నూకన్న బాబాయి మటుకు గట్టిగా "ఆమేన్" అన్నాడు.

ఇంటికొచ్చి ప్రసాద్ ముందు కూర్చుని అంతా చెప్పాను. వాడు తాపీగా, "సబ్ కో మాలూమ్ హై, దీదీ, అందరికీ తెలుసు. ఆర్నెల్లుగా మన పాస్టరుగారు నీకు నోటికొచ్చినవే ఎంచుతున్నారు. ఈసారి ఆయనకు జ్వరం వచ్చింది, దొరికిపోయావు" అన్నాడు.

మరదలు యర్రమ్మ అందుకుంది. "తిప్పి తిప్పి అవే కీర్తనలు వదినా. మన పిల్లి కూడా అప్పజెబుతోంది. ఇంక ఓడెక్కండి."

దేవుడు నా కళ్లను ఇంతమందికి పంచి ఇచ్చాడు.

సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరం కూర్చుని తేల్చాం. వచ్చే మద్రాసు ఓడకు నువ్వూ నేనూ. బడికి సెలవు పెట్టు. అందాకా కీర్తన యర్రమ్మ చదువుతుంది. తిరిగొచ్చాక మళ్లీ నేనే. అందరూ సరేనన్నారు. నేను మటుకు 'ఆల్మోస్ట్'. నువ్వొచ్చి తాడు వెయ్యి.

నీ కోసం చూసే,
దయావతి అక్క