మట్టి పలుకు

స్కోఫీల్డ్స్, ఆస్ట్రేలియా,
జూన్ 14.

ప్రియమైన అక్కకి,

చెల్లెలు కిరణ్మయి నమస్కారాలు. మేమిక్కడ కులాసా. నువ్వూ బావగారూ అక్కడ కులాసా అని తలుస్తాను. మేం కులాసా అన్నది అలవాటు కొద్దీ రాశాను, నమ్మకు.

"ఫోనుండగా ఉత్తరాలేమిటే, విడ్డూరం కాకపోతే!" అని రాశావు. ఫోనులో నా గొంతులో తేడా నువ్వు ఇట్టే పట్టేస్తావు. అందుకే. మా స్నేహ పెళ్లి మాట అడిగావు. ఎత్తితే చాలు, "మమ్, ప్లీజ్! యూనీ చదువు అవ్వనీ" అంటుంది. దాని సమాధానం అంతే.

ఇక కౌసల్య సంగతి. మొన్న మళ్లీ గుమ్మంలో నిలబడి "పల్లెం దొరికిందా అమ్మా?" అని అడిగిందనీ, పన్నెండేళ్లుగా అదే మాటనీ, పాపం మతి చలించిందనీ రాశావు. అది చదివాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

గుర్తుందా, కౌసల్య మనింట్లో అంట్లు తోమే రోజుల్లో ఆ నీలిబొమ్మల పళ్లేన్ని గోటితో టక్కున కొట్టి, "పింగానీ కాదమ్మా ఇది. మట్టి పలుకుతాది" అనేది. తాతగారు వేలంలో కొన్న చీనా పళ్లెం, నీకేం తెలుసు పోవే అని అమ్మ కసిరేది. మనం నవ్వేవాళ్లం.

పోయిన నెల స్నేహ నన్ను మ్యూజియానికి లాక్కెళ్లింది. అక్కడ అద్దం వెనక అచ్చం మన పళ్లెమే! "మమ్, చైనా కాదు, డచ్ వాళ్ల కాపీ" అని చదివి చెప్పింది. చీనా నుంచి సరుకు తగ్గిపోతే, ఆ డచ్ వాళ్లే, మనం ఒలందా వాళ్లంటామే, మట్టి పళ్లేల మీద తగరం కలిపిన తెల్లపూత పూసి, నీలంతో చీనా బొమ్మలు వేశారట. మన భీమిలిలో సమాధులున్నాయే, ఆ ఒలందా వాళ్లే. పూత పెచ్చు లేచినచోట గోధుమరంగు మట్టి కనిపిస్తోంది. కౌసల్య చెప్పిందే నిజం.

అచ్చం మనదేనని అంత గట్టిగా ఎలా చెబుతున్నావంటావా? ఇంటికొచ్చి, నా పెట్టె తెరిచి, చూసుకున్నాను కాబట్టి.

అవునక్కా, నేనే తీశాను. అమ్మ దాన్ని నీకిస్తానంది. నాకు కడుపుమంట. ఆస్ట్రేలియా ప్రయాణం రోజున చీరల మధ్య పెట్టి తాళం వేశాను. మీరంతా కౌసల్యని నిలదీస్తుంటే, ఆవిడ కూతుర్ని దగ్గరకి లాక్కుని, "నా పిల్ల మీద ఒట్టు, నాను తియ్యలేదు" అంది. మూడు నెలలకి ఆ పిల్ల జ్వరంతో పోయింది. దొంగ ఒట్టు తగిలిందని ఊరంతా అన్నారు. నువ్వూ నాకు అలాగే రాశావు. చదివి కూడా నోరు విప్పలేదు, పాపిష్ఠిదాన్ని.

మధ్యాహ్నం ఇల్లు ఖాళీ అయ్యాక పెట్టె ఉన్న గదిలోంచి టక్కుమని వినిపిస్తుంది. ఎండకి చెక్క చిట్లుతోందనుకున్నాను. ఇక్కడ ఇప్పుడు చలికాలం, ఎండ లేదు. అయినా వినిపిస్తోంది. వెళ్లి పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంటాను, భయమేస్తుంది.

కౌసల్యకి మతి చలించలేదు. పళ్లెం దొరికితే తన ఒట్టు పిల్లని చంపలేదని ఊరికి తెలుస్తుంది. తనకీ తెలుస్తుంది. అందుకే అడుగుతోంది.

వచ్చే నెల ఇరవయ్యెనిమిదిన పళ్లెం తీసుకుని వస్తున్నాను. అప్పటిదాకా ఆగకు. ఇవాళే ఆవిడని పిలిచి, గుమ్మంలో కాదు, హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇరుగుపొరుగుని పిలిచి, ఈ ఉత్తరం పైకి చదువు. కింద నా పేరు కూడా చదువు.

ఇట్లు,
ఆవిడ ఒట్టు పెడుతున్నప్పుడు తాళంచెవి పిడికిట్లో పట్టుకుని పక్కనే నిలబడ్డ
నీ చెల్లెలు,
కిరణ్మయి