ఊరికే ఇచ్చే డబ్బు

2005 ఏప్రిల్ 17, ఆదివారం. దువ్వాడ

జనవరిలో మా కాంట్రాక్టర్ ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ దిండు కింద పడి ఉంది. ఇవాళ ఒళ్లంతా మంటగా ఉంది, చెప్పుకోడానికి ఎవరూ లేరు, అందుకే తీశాను.

గౌరీశ్వరి ఊళ్లో కాయిన్ బాక్స్ నుంచి ఫోన్ చేసింది. ప్రతి ఆదివారం చేస్తుంది. మా ఆవిడ ఫోనంటే నాకు కంఠతా వచ్చు. అమ్మకి మందులు, పాపకి పుస్తకాలు, ఎప్పుడు పంపుతావు. ఇవాళ అదేమీ లేదు. ఈ నెల డబ్బులు పంపొద్దులే మావా, నువ్వే ఉంచుకో అంది. ఏదో ట్రస్టట, సిటీ నుంచి వచ్చారట. పేద రైతుల ఇళ్లలో ఆడవాళ్ల చేతికి నెలనెలా క్యాష్ ఇస్తారట. లోను కాదట, గ్రూపు కాదట, మీటింగులు కూడా లేవట. మరి బదులుకి ఏం కావాలంటున్నారని అడిగాను. ఏటీ వద్దంటన్నారు మావా, మీకు నచ్చినట్టు ఖర్సెట్టుకోండన్నారు అంది.

ఏమీ వద్దనేవాణ్ణి ఈ లోకంలో నేనింతవరకూ చూడలేదు. సంతకాలు ఎక్కడెక్కడ పెట్టించుకున్నారని గట్టిగా అడిగితే నవ్వింది. ఇందులో నవ్వడానికేముంది?

ఏప్రిల్ 18

ఎల్లారావు బావతో చెప్పాను. మా ఊరివాడే. ఒకే గదిలో ఉంటాం, స్టీల్ ప్లాంట్‌లో ఒకే కాంట్రాక్టర్ కింద పరంజా రాడ్లు ఎక్కి పని చేస్తాం. నేను చెప్పింది విని అన్నం కలపడం కూడా మానేశాడు. బూవి కోసమే బావా, రేపు ఏదో కంపెనీ వత్తాది, అప్పుడు మీ ఆవిడ సంతకం బయటికి తీత్తారు సూడు అన్నాడు.

మాకున్నది ఒక్క మడి చెక్క. అది కూడా పెట్టుబడి లేక రైసుమిల్లు సీతారామాంజనేయులికి కౌలుకిచ్చేశాం. గౌరీశ్వరి ఆ మడిలోనే కూలికి వెళ్తుంది. మా నేలలో మేమే కూలీలం. దాన్ని కూడా ఎవడో తన్నుకుపోతాడంటే చూస్తూ ఊరుకోవాలా?

మే 8

ఫోన్ వచ్చింది. డబ్బు అడగలేదు.

మే 22

ఇవాళా అడగలేదు. మా అమ్మ పోతమ్మకి ఫోన్ ఇచ్చింది. మా అమ్మ ఫోన్ పట్టుకుంటే ఏడుపే. ఇవాళ మాత్రం గలగలా మాట్లాడింది. రోజూ గుడ్డు తింటన్నాన్రా వరహాలూ, కోడలు కూలికెల్లడం మానీసింది, ఈ ఏడు మన మడి మనవే ఉడుత్తావట అంది. మిల్లాయనకి ఇక కౌలు లేదని గౌరీశ్వరి మొహం మీదే చెప్పేసిందట.

నన్నడక్కుండా! పాసు పుస్తకం ఎవరి పేరున ఉంది? నేను బతికే ఉన్నానా పోయానా? ఫోన్లో అరిచేశాను. కాయిన్ బాక్స్ దగ్గర ఉన్నవాళ్లంతా వినే ఉంటారు. నువ్వు సంబరపడతావనుకున్నాను మావా అని పెట్టేసింది.

సంబరమే. ఎందుకుండదు? కానీ అడగాలి కదా. పంపొద్దన్న డబ్బు జేబులోనే ఉంది. దాన్ని చూస్తే నన్నెవరో ఇంట్లోంచి బయటికి తోసినట్టుంది.

జూన్ 6

బావ ఊరెళ్లి వచ్చాడు. వస్తూనే కబురు. ట్రస్టు మనిషి ఒకడు నెలనెలా మోటార్ సైకిల్ మీద వస్తాడట. దేవీప్రసాదట పేరు. చలవ కళ్లద్దాలు, టక్కు. మీ అరుగు మీదే కూకుని టీ తాగుతాడు బావా, నానైతే ఏటీ అన్ను, సూసింది సెప్తన్నాను అన్నాడు.

ఏమీ అననంటూనే అన్నీ అనేశాడు దొంగ వెధవ.

జూన్ 12, ఆదివారం

ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే పాసింజర్ ఎక్కాను. ఎలమంచిలిలో దిగి, ఆటోలో ఊరు.

ఇంట్లో గౌరీశ్వరి లేదు. అరుగు మీద ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ ఉంది. మా ఇంట్లో కుర్చీ ఏమిటి? ఎవరికోసం కొన్నారని అమ్మని అడిగాను. నువ్వొత్తే కూకుంటావనిరా అంది. ఎవరికి చెప్తోంది!

మడి దగ్గరికి వెళ్లాను. పక్కింటి నూకాలుతో కలిసి నారుమడికి నీళ్లు కడుతోంది. నూకాలుకి ముందూ వెనకా ఎవరూ లేరు, మా పాప పుట్టినప్పుడు పురిటి పనులన్నీ తనే చేసింది. నన్ను చూడగానే గౌరీశ్వరి బురద చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. కాస్త ఒళ్లు చేసింది. బాగుంది. అదే నాకు బాగోలేదు. నారు చూపించి, ఉడుపులకి వచ్చీ మావా, పంట సేతికొత్తే ఇక ఆ రాడ్లెక్కే పని మానీయొచ్చు, నాకు బయ్యంగా ఉంటాది అంది.

అంటే నీ డబ్బుతో నేను బతకాలా అన్నాను. నూకాలు వినేలాగే అన్నాను. ఆ దేవీప్రసాద్ గురించి కూడా అడిగాను. గౌరీశ్వరి మొహం నల్లబడిపోయింది. ఆడు ఊళ్లో అందరి అరుగుల మీదా టీ తాగుతాడు, ఎల్లి అడుగు అంది.

అడగలేదు. సాయంత్రం బండికే వచ్చేశాను. పాప స్టేషన్‌కి వస్తానని ఏడ్చింది.

జూన్ 20

ఆఫ్. సిటీకి వెళ్లి సిరిపురంలో ఆ ట్రస్టు ఆఫీసు వెతుక్కుంటూ వెళ్లాను. ఏసీ గది. మధులత అని ఒక మేడమ్ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

ఆ ఊరివాణ్ణేనన్నాను, పేరు చెప్పలేదు. గౌరీశ్వరి మొగుడికి స్టీల్ ప్లాంట్‌లో పర్మనెంట్ ఉద్యోగమని చెప్పాను. ఊళ్లో అందరూ అనుకునేది అదే, పెళ్లినాటి నుంచీ నేను చెప్పుకున్నదీ అదే. దేవీప్రసాద్ తనకి నచ్చిన ఇళ్లకే ఇప్పిస్తున్నాడని కూడా చెప్పాను. ఇది మాత్రం అప్పటికప్పుడు నోటికొచ్చింది. ఆవిడ అంతా రాసుకుని, ధైర్యంగా వచ్చి చెప్పినందుకు థాంక్స్ అంది.

వచ్చేటప్పుడు బస్ కాంప్లెక్స్ దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాను. చాలా బాగున్నాయి.

జూలై 3, ఆదివారం

ఫోన్. ఏడుపు.

డబ్బు ఆపేశారు. మా ఇంటికే కాదు, ఊరు ఊరంతటికీ. ఎంక్వయిరీ అట. దేవీప్రసాద్‌ని పనిలోంచి తీసేశారట. మాది ఒక్కటే ఆగుతుందనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అంతే అనుకున్నాను.

నీది పర్మనెంటు ఉద్యోగమని ఎవుడో సెప్పీనాడట మావా అంది. నువ్వు కాంట్రాక్టోడివని మొదట్రోజే నాను ఆళ్లకి సెప్పినాను, ఇప్పుడు నా మాట నమ్మట్లేదు అంది.

నీకెలా తెలుసన్నాను. పెళ్లైన కొత్తలోనే తెల్సు, ఊళ్లో నీ పరువు పోతాదని ఊరుకున్నాను అంది.

తర్వాత, డబ్బులు పంపు మావా అంది. ఈ మాట కోసమే కదా చచ్చాను ఇన్నాళ్లూ. పంపుతానన్నాను.

జూలై 10

ఉన్నదంతా పంపాను. కాంట్రాక్టర్ కాళ్లు పట్టుకుని అడ్వాన్స్ తీసుకుని అదీ పంపాను. చాలలేదు. దుక్కికి ట్రాక్టరువాడు రాలేదు. నారు ముదిరిపోతోందట.

జూలై 24, ఆదివారం

ఊళ్లో తేల్చేశారు. చెప్పింది నూకాలేనట. ఆవిడకి ట్రస్టు డబ్బు రాలేదు, అందుకని కడుపుమంటట.

మా ఊళ్లో ఆడవాళ్లు ఒకరి మడికి ఒకరు మారు పనికి వెళ్లి ఉడుపులు కానిస్తారు, కూలి ఉండదు. ఈసారి నూకాలు మడికి ఎవరూ వెళ్లలేదు. వాళ్ల మడుల్లోకి నూకాలుని రానివ్వలేదు. ముసలి మనిషి వానలో ఒక్కతే వంగి నాటుకుంటోందట. నువ్వూ వెళ్లలేదా అని అడిగాను. ఎల్తే నన్నూ ఎలేత్తారు మావా అని ఏడ్చింది.

నూకాలు అలాంటిది కాదన్నాను. నీకెలా తెల్సు అంది. ఊరికే అన్నానని చెప్పాను.

జూలై 31

మడి మళ్లీ మిల్లాయనకే వెళ్లింది. రేపటి నుంచి గౌరీశ్వరి కూలికి వెళ్తుంది. అమ్మకి గుడ్డు మాన్పించిందట. నేనే మానీమన్నాన్రా అంది అమ్మ.

బావ ఓదార్చబోయాడు. కంచం విసిరికొట్టాను.

ఆగస్టు 7, ఆదివారం

గౌరీశ్వరి గొంతు ఇవాళ గట్టిగా ఉంది. ట్రస్టు మేడమ్ ఊరికి వచ్చిందట. చెప్పినది ఆడమనిషి కాదంది మావా, మగోడట, గుబురు మీసమట, మళ్లీ సూత్తే గుర్తుపడతానంది అని చెప్పింది. ఊరి ఆడవాళ్లంతా నూకాలు ఇంటికి వెళ్లి కాళ్లు పట్టుకున్నారట. ఇప్పుడు వాడెవడో తేలితే డబ్బు మళ్లీ మొదలుపెడతారట.

ఇంకా చెప్పింది. రేపు పొద్దున్న పాసింజర్‌కి దువ్వాడలో దిగుతుందట, నూకాలుని కూడా తీసుకొస్తుందట. నాకా ఆఫీసు తెల్దు, నువ్వు తోడుండు మావా, ఆ మేడమ్ ముందర కూకుని తేల్చుకుందాం అంది.

సరేనన్నాను.

ఆగస్టు 8, ఉదయం 6

మీసం తీసేశాను.

బావ నిద్ర లేచి నన్ను చూసి దిగ్గున కూర్చున్నాడు. ఓలమ్మో, మీయమ్మకేటైనా అయినాదేటి బావా అన్నాడు.