చార్టు పట్టుకునే పని

బుధవారం

పొద్దుటికల్లా ధైర్యం జారిపోతుంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

వచ్చే సోమవారం మా నలుగురి ఇంగ్లీషు ప్రెజెంటేషన్, బేతంచెర్ల నాపరాళ్ల మీద. పాలిష్ మిషన్ నడిపే నాన్నను అడిగి అంతా రాసింది నేను. మాట్లాడేది మాత్రం షాహీనా, నేను చార్టు పట్టుకోవాలి. పనులు పంచుకున్నప్పుడు దానికి ఒప్పుకున్నదీ నేనే.

ఈరోజు రిహార్సల్లో, పాలిష్ చేసేటప్పుడు రాయి మీద నీళ్లెందుకు పోస్తారని మేడమ్ అడిగితే షాహీనా తెల్లమొహం వేసింది. నేను ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాను.

బయటికొచ్చాక షాహీనా, "నువ్వు గమ్మునుండు మే, మార్కులు పోతాయి" అంది.

"నీళ్ల సంగతి నీకు తెలుసునా?" అన్నాను.

"తెలీదులే. ఇంగ్లీషొస్తాది కదా!"

నా వల్ల నలుగురికీ మార్కులు తగ్గితే... అయినా ఆ భాగం వదలను. రేపు ఈ చీటీ ఇస్తాను:

"షాహీనా, పాలిష్ సంగతి నేనే చెప్తా. తప్పులు నువ్వు దిద్దుతావా? శుక్రవారంలోగా చెప్పు."