అత్తయ్య ఫోన్‌లో ఉప్పు కొలత

జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 3

ప్రియమైన తమ్ముడు రాజేష్‌కి,

బస్సు కండక్టర్ డేవిడ్‌రాజుగారి చేతికిచ్చి మా అత్తయ్య ఫోన్ పంపుతున్నా. ఫోన్ చేసి చెప్పక ఈ ఉత్తరమేంటని నవ్వకు. పక్షవాతంతో ఆవిడకి మాటా రాతా పోయాయి, వేళ్ళతో అంకె చూపమన్నా తడబడుతుంది గానీ, చెవులు మాత్రం పాముచెవులే. నేనేం మాట్లాడినా పక్కగదిలో వింటుంది.

మొన్న పెట్టిన పండుమిరపకాయ పచ్చడి బూజు పట్టింది. ఉప్పు చాల్లేదు. ముక్త్యాల ఫ్యాక్టరీ క్యాంటీన్ వాళ్ళు జాడీలు తిప్పి పంపారు. ఇంకోసారి ఇలా అయితే, ముప్పై ఏళ్ళు ఆవిడ నిలబెట్టిన పచ్చళ్ళ కొట్టు నా చేతుల్లో మూతపడుతుంది. పండుమిర్చి దొరికేది ఇంకో మూడు వారాలే.

పదేళ్ళు పక్కనే ఉన్నా నాకు చెప్పని కొలతలు ఆవిడ ఈ ఫోన్‌కి చెప్పుకుంది. నువ్వు పెట్టిచ్చావే, మనం మాట్లాడితే అదే రాసుకునే యాప్, అందులో. ఇప్పుడు తెరిస్తే సేవలు ఆపేశామని ఒక్క ముక్క వస్తోంది. ఉప్పెంత అని అడిగితే ఆవిడ తన గుప్పిట చూపిస్తుంది. వెంటనే నా గుప్పిట పట్టుకుని, కాదన్నట్టు తల ఊపుతుంది. నా చేతికి రాదని కాబోలు.

మీ అక్క,
నాగవల్లి

నందిగామ,
ఫిబ్రవరి 5

ప్రియమైన అక్కా,

రాతలు ఫోన్‌లోనే ఉన్నాయి. కానీ ఒక యాప్ దాచుకున్నది బయటివాళ్ళు చూడకుండా ఫోనే అడ్డుపడుతుంది. ఆ అడ్డు తీసేసి ఫోన్ మీద పూర్తి పెత్తనం తెచ్చుకోవడాన్ని రూట్ చేయడం అంటారు. కంపెనీ అంటగట్టిన పనికిరాని యాప్‌లు తీసేయమని కొందరు, పాత ఫోన్‌లో కొత్త ఆండ్రాయిడ్ వేయమని కొందరు మా ఫోన్ రిపేరు షాపుకొస్తారు. ఉప్పు కోసం వచ్చింది నువ్వొక్కదానివే.

మామూలుగా చేస్తే ముందు లోపలున్నదంతా చెరిగిపోతుంది. అత్తయ్యగారు ఎనిమిదేళ్ళుగా అప్‌డేట్ చేయనివ్వలేదని విసుక్కునేవాణ్ణి గుర్తుందా? ఆ మొండితనమే ఇప్పుడు అక్కరకొచ్చింది. పాత ఆండ్రాయిడ్‌లో సరిచేయని లొసుగు ఒకటుంది, అందులోంచి ఏదీ చెరపకుండా వెళ్ళొచ్చు. తేడా వస్తే మాత్రం ఫోన్ మళ్ళీ లేవదు, రాతలూ దక్కవు. పైగా అవి ఆవిడ సొంతం. ఆవిణ్ణి అడిగి రాయి.

నీ తమ్ముడు,
రాజేష్

జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 7

ఒరేయ్ పెద్దమనిషీ,

అడిగితే నేను చాటుగా ఫోన్ పంపిన సంగతి బయటపడుతుంది కదా. అందుకే రెండు రోజులు నసిగా. చివరికి అన్నం తినిపిస్తూ చెప్పేశా. కోప్పడుతుందనుకుంటే, ఎడం చేత్తో నా జబ్బ మీద తట్టి, కానిమ్మన్నట్టు తలాడించింది. కళ్ళలో నీళ్ళు. ఎందుకో నాకు తెలియలేదు.

చేసెయ్యి.

అక్క

నందిగామ,
ఫిబ్రవరి 10

ప్రియమైన అక్కా,

ఫోన్ రెండుసార్లు ఆగిపోయి మూడోసారి లేచింది. నా ప్రాణం కూడా దాంతోపాటే లేచొచ్చింది. రాతలు దొరికాయి. చెప్పడం అయ్యాక మైకు ఆపాలని అత్తయ్యగారికి తెలియదు, అందుకని కొలతలతోపాటు ఇంట్లో మాటలూ ఎక్కేశాయి. అక్షరం మార్చకుండా రాస్తున్నా.

"పండుమిరపకాయలు మూడు కిలోలు. చింతపండు ముప్పావు కిలో. ఉప్పు నా గుప్పెడుతో అయితే ఆరు. కానీ రేపు పెట్టబోయేది వల్లి కదా, దాని చెయ్యి చిన్నది. నిన్న దాంతో డబ్బాలోకి ఉప్పు పోయించి లెక్కపెట్టా. వల్లి గుప్పెడుతో తొమ్మిది. ఇప్పుడే చెబితే కొట్టు బరువంతా నెత్తినేసుకుంటది. నేను చేయగలిగినన్నాళ్ళు దాన్ని కొంచెం సుఖపడనీ. ఎవరూ, పుష్పవతా? మా వల్లి ఇప్పుడే పడుకుందమ్మా, లేపమాకు."

ఇంకా పద్నాలుగు పచ్చళ్ళున్నాయి. అన్నీ నీ గుప్పెడుతోనే.

రాజేష్

జగ్గయ్యపేట,
మార్చి 4

నా బంగారు తమ్ముడికి,

తొమ్మిది గుప్పెళ్ళతో పెట్టిన జాడీకి మూడు వారాలైనా బూజు లేదు. క్యాంటీన్ వాళ్ళు మళ్ళీ అడిగారు. నీకు రుణపడిపోయా. అప్‌డేట్ చేయనివ్వని మా అత్తయ్య మొండితనానికి కూడా.

ఆవిడ కాదని తల ఊపింది నన్ను కాదు, రాజేష్. నీ చెయ్యి నా చెయ్యంత కాదే, లెక్క వేరు అని చెబుతోంది. పదేళ్ళు ఆవిడ నన్ను దూరం పెట్టిందనుకున్నా. ఈ విషయం ఆవిడతోనే చెప్పి ఏడ్చా.

ఈ ఉత్తరం చాటుగా రాయడం లేదు. ఆవిడ మంచం మీద కూర్చుని, ఒక్కో మాటా పైకి చదువుతూ రాస్తున్నా. తొమ్మిది అనగానే నా గుప్పిట తన చేతిలోకి తీసుకుంది. ఈసారి తల నిలువుగా ఊపింది.

మీ అక్క,
పక్కనే అత్తయ్య