చారల టైరు, గళ్ళ టైరు

టైర్ల దుకాణంలో ఉద్యోగం వెలగబెడుతున్న మా బావమరిదికి,

ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం, బండి క్షేమం. అక్కడ మీ అక్క కూడా క్షేమమేనని తెలుసు. కోపంగా ఉన్నన్నాళ్ళు ఆవిడకి జలుబు కూడా రాదు.

సంగతి ఆవిడ తన వైపు నుంచి చెప్పే ఉంటుంది. నా వైపు నుంచి కూడా విను. నా పాత గిరాకీ ఒకాయన ఇల్లు మారుతూ, అభిమానం కొద్దీ తన మోటారు సైకిలు నాకిచ్చి వెళ్ళాడు. అది మా పెళ్ళికంటే పాతది, పెళ్ళికంటే బాగా నడుస్తుంది కూడా అన్నాను. అక్కడే చెడింది. ఇంజను బంగారం. టైర్లే చీకిపోయి ముట్టుకుంటే రాలుతున్నాయి. ఉత్త రిమ్ముల మీద తోస్తే వంగిపోతాయి కాబట్టి ఇటుకల మీద నిలబెట్టాను. ఎక్కడ అంటావా? గిరాకీలు కుట్టిన బట్టలు వేసి చూసుకునే గదిలో. ఇల్లూ దుకాణం కలిపి మూడు గదులు, ఇంకెక్కడ పెట్టను? ఇప్పుడు అందరూ ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని ప్యాంటు వేసుకుంటున్నారు. ఒకరిద్దరు సుఖంగానే ఉందన్నారు.

మీ అక్క మాత్రం "అది తన చక్రాల మీద తను గడప దాటి బయటికి పోయిన రోజునే నేను లోపలికొస్తాను" అనేసి సంచీ సర్దుకుని నీ దగ్గరికొచ్చింది. కాబట్టి టైర్లు కావాలి. బండి కోసం కాదురా, మీ అక్క కోసం.

కొలత నేనే తీశాను. నా కొలతకి వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు. చుట్టుకొలత ఎనభై ఒక్క అంగుళాలు. రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి ఇంకో రెండు వదిలి, ఎనభై మూడు పంపమను. ఒక చక్రానిదే తీశాను. చొక్కాకి రెండు చేతులూ విడివిడిగా కొలవం కదా.

ఇట్లు,
నీ బావ

తా.క.: రంగు నలుపే ఉండనీ. మాసినా తెలియదు.

---

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఎనభై మూడు అంగుళాల టైరు కావాలనగానే మా ఓనరు కళ్ళజోడు తీసి తుడుచుకుని "మీ బావ ఏం చేస్తుంటాడయ్యా?" అన్నాడు. టైలరండీ అన్నాను. "కాదు. కొండలు తవ్వుతున్నాడు, మీకు చెప్పడం లేదు" అన్నాడు. అంత టైరు రాళ్ళు మోసే పెద్ద పెద్ద బళ్ళకి వేస్తారట. లోపల మనిషి నిలబడొచ్చట.

టైరుకి నడుం చుట్టుకొలత తియ్యరు బావగారూ. పాత టైరు పక్క గోడ మీద అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటిది లావు, ఒక గీత, ఆ తర్వాతది చక్రం సైజు. రెండు టైర్లవీ చూసి రాయండి. ముందుది సన్నంగా, వెనకది లావుగా ఉంటాయి.

మీ
బావమరిది

తా.క.: మీ కొలత విని అక్క అడిగింది: అంత బండి ఆ గదిలోకి ఎలా వెళ్ళింది, నేనిటు రాగానే గోడ పడగొట్టాడా అని.

---

బావమరిదికి,

ఆశీస్సులు. గోడ గోడలాగే ఉందని మీ అక్కకి చెప్పు. నా బుర్రే పడిపోయేలా ఉంది.

నువ్వు చెప్పినట్టే నేల మీద బోర్లా పడుకుని టైర్లు చదివాను. లావు అంకె రెండింటి మీదా అరిగిపోయింది. చక్రం సైజు మాత్రం పందొమ్మిది అని స్పష్టంగా ఉంది. అనుమానం వచ్చి అడ్డంగా టేపు పెడితే చక్రం ఇరవై ఆరు అంగుళాలుంది! నలభై ఛాతీ మనిషికి నలభై చొక్కా కుడతాం. ఇరవై ఆరు చక్రానికి పందొమ్మిది టైరు ఎలా పడుతుందిరా? లాగితే సాగుతుందా? లేకపోతే ఆ గిరాకీ ఇన్నేళ్ళూ బిగుతు టైర్లతోనే తిరిగాడా? పాపం, ఎప్పుడు చూసినా ఇబ్బందిగానే ఉండేవాడు.

ఈ అంకెలతో నాకు వేగడం చేతకాదు. పాత పేపర్లు అతికించి రెండు చక్రాలకీ అచ్చు కత్తిరించి పంపుతున్నాను. దాని మీద పెట్టి కొయ్యమను. మీ అక్కని అడిగితే చెబుతుంది, నా కత్తెర తప్పదు.

నీ బావ

తా.క.: ట్యూబులు కూడా పంపు. లైనింగు లేకుండా నేనేదీ కుట్టను.

---

బావగారికి నమస్కారాలు.

మీ పేపరు టైర్లు అందాయి. దుకాణంలో నేల మీద పరిచి, చుట్టూ నిలబడి అందరం చూశాం. గాలి కొట్టే వాల్వు దగ్గర మీరు కత్తిరించిన కాజా చూసి మా ఓనరు అందులో వేలు పెట్టి చూశాడు. ఆ తర్వాత దాన్ని గోడకి అంటించమన్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళు సరుకు మానేసి దాన్ని చూస్తున్నారు.

పందొమ్మిది సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చదవండి. అది లోపలి ఇనుప రిమ్ముది, బయటి రబ్బరుది కాదు. నేనెన్ని రకాలుగా రాసినా మీకు ఎక్కదని అక్క అంది. "కాలరు సైజని చెప్పరా. చొక్కా ఎంత వదులైనా మెడ దగ్గర మెడ కొలతే కదా" అంది. అందుకని అలా రాశాను.

మీ అచ్చు మీద స్కేలు పెట్టి లావు పోల్చుకున్నాం. ముందుదీ వెనకదీ రెండు టైర్లు, లైనింగులతో సహా, పార్శిల్లో పంపుతున్నాను.

మీ
బావమరిది

తా.క.: ఇంటికి ఎప్పుడొస్తావని అక్కని అడిగాను. "నన్నెందుకు అడుగుతావ్, టైర్లని అడుగు" అంది.

---

బావమరిదికి,

ఆశీస్సులు పంపాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

పార్శిలు విప్పి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక టైరుకి నిలువు చారలు. ఇంకోదానికి గళ్ళు! ఒరేయ్, చారల చొక్కా మీదకి గళ్ళ ప్యాంటు వేసుకుని వీధిలోకి వచ్చేవాణ్ణి ఎక్కడైనా చూశావా? అలాంటివాడు వస్తే నేను గుడ్డ తీసుకోకుండానే పంపించేస్తాను. మీ ఓనరు తానుల చివర మిగిలిపోయిన ముక్కలు నాకంటగట్టాడు. నువ్వు పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నావు.

నన్ను చూసి నవ్వితే నవ్వనీ. కానీ ఈ అవతారంలో బండి గడప దాటితే మీ అక్క దాన్ని లెక్కలో వేసుకుంటుందా? "అది దాటడం కాదు, పారిపోవడం" అంటుంది. ఆవిడ నోరు నాకు తెలియదా? గళ్ళది తిప్పి పంపుతున్నాను. చారలది ఇంకోటి, అదే తానులోంచి పంపమను.

నీ బావ

తా.క.: చారలు నిలువుగా ఉండటం మంచిదే. బండి కాస్త సన్నగా కనిపిస్తుంది.

---

బావగారికి,

నమస్కారాలు పెడుతూ, నెత్తీ నోరూ కొట్టుకుంటూ రాస్తున్నాను.

అవి ముక్కలు కావు, కావాలనే అలా చేస్తారు. ముందు చక్రం దారి చూపించాలి, అందుకని చారలు. మలుపులో మాట వింటుంది. వెనక చక్రం నేలని పట్టుకుని బండిని తోయాలి, అందుకని గళ్ళు. జత కలవకపోవడమే ఇక్కడ జత. మీ బండి ఈడు బళ్ళన్నీ ఇలాగే తిరిగాయట. వెనక చారలది వేసి తడి రోడ్డు మీద బ్రేకు వేశారంటే, బండి ఒక వైపు, మీరు ఒక వైపు పోతారని మా ఓనరు తల పట్టుకుని చెప్పాడు. గళ్ళది మళ్ళీ పంపుతున్నాను. ఈసారి తిప్పి పంపితే నా ఉద్యోగం కూడా పార్శిల్లో కట్టి పంపిస్తారు.

మీ
బావమరిది

తా.క.: మీ ఉత్తరం చదివి అక్క "ఆయన చెప్పిందే రైటు. అలా ఎవరేసుకుంటారు?" అని మా ఓనరుతో పోట్లాటకి దిగింది. మీ మాట రైటని అక్క అనగా వినడం నాకిదే మొదలు. ఆ తర్వాత ఇంటికొచ్చి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఎందుకో అడిగితే నన్ను తిట్టింది. నాకేమీ అర్థం కావడం లేదు.

---

బావమరిదికి,

మనసారా ఆశీస్సులు. రెండు టైర్లూ ఎక్కించాను. వెనక గళ్ళదే. ఏడ్చింది అన్నావు కదా, ఆ మాట చదివాక ఇంక గళ్ళా చారలా అని వాదించే ఓపిక పోయింది.

అయినా కష్టాలు తీరలేదు. టైరు పక్కన ఒక బాణం గుర్తుంది, బండి ఎటు వెళ్ళాలో అటు చూస్తూ ఉండాలని రాశారు. ముందుకు చూసేలా ఎక్కించాను. చెయ్యి తుడుచుకుని వచ్చి చూస్తే బాణం వెనక్కి చూస్తోంది! విప్పి తిరగేసి ఎక్కించాను. చక్రం ఒక్కసారి తిప్పి చూస్తే మళ్ళీ వెనక్కే. మళ్ళీ విప్పాను. గదిలో ఎవరైనా ఉండి తిరగేస్తున్నారేమో అని తలుపు వెనక కూడా వెతికాను. చివరికి తేలిందేమిటంటే, బాణం పైనున్నప్పుడు ముందుకి, కిందికొచ్చేసరికి వెనక్కి చూస్తుంది. చక్రం గుండ్రంగా ఉండటమే మొత్తం గొడవకి మూలం. టేపు పై నుంచి చదువుతాం కాబట్టి బాణాన్ని కూడా పై నుంచే చదవాలని తీర్మానించుకున్నాను.

నిన్న బండి తన చక్రాల మీద తను గడప దాటింది. చూసేవాళ్ళు లేరు. నేనే తోసి, నేనే వీధిలోకి వెళ్ళి, నేనే చప్పట్లు కొట్టుకున్నాను. ఒరేయ్, ఇల్లు ఏం బాగాలేదురా. కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. ఆదివారం పొద్దున్నే బండి మీద బయల్దేరి వస్తున్నాను. వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చుకుంటాను. మీ అక్కకి చెప్పకు. చెప్పావో, నీకు జన్మలో చొక్కా కుట్టను.

నీ బావ

తా.క.: వెనక సీటుకి మీ అక్క కోసం మెత్త కుట్టాను. ఆవిడ కొలత మాత్రం నాకు టేపు లేకుండానే వచ్చు.

---

బావగారికి నమస్కారాలు.

చెప్పను. ఒట్టు.

మీకు కూడా ఒక సంగతి రాయాలని చెయ్యి లాగుతోంది. కానీ దాని మీద కూడా ఒట్టు వేశాను. అందుకని ఇక్కడితో ఆపేస్తున్నాను. జాగ్రత్తగా రండి. లేదా రాకండి. నాకు తోచడం లేదు.

మీ
బావమరిది

తా.క.: ఆదివారమే రావాలా? సోమవారం కుదరదా? ఊరికే అడిగాను.

---

ఒరే తమ్ముడూ,

ఆశీస్సులు తర్వాత, ముందు తిట్లు.

వస్తున్నట్టు అక్కకి చెప్పకు అని మీ బావ నీకు రాశాడన్నమాట. ఆదివారం బస్సుకి వెళ్ళిపోతున్నానని బావకి రాయకు అని నేను నీతో ఒట్టు వేయించుకున్నాను. నువ్వు ఇద్దరికిచ్చిన మాటా నిలబెట్టావు! చిన్నప్పటి నుంచీ ఒక్క రహస్యం కడుపులో దాచుకోలేనివాడివి, ఇప్పుడే నేర్చుకోవాల్సి వచ్చిందిట్రా?

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సగం దారిలో ఎదురుగా ఒక మోటారు సైకిలు, దాని వెనక దారి దొరక్క హారన్లు కొడుతూ లారీల బారు. ఎవడ్రా ఈ మహానుభావుడు అని చూద్దును కదా, మీ బావే. కోటు వేసుకుని గుండీలన్నీ పెట్టుకున్నాడు. వెనక సీటు మీద పూల మెత్త, మనిషి లేకుండా. కిటికీలోంచి రెండు చేతులూ బయటపెట్టి ఊపాను. బండిని మెచ్చుకుంటున్నారని అనుకున్నాడో ఏమో, ఎంతో మర్యాదగా తల వంచి, రోడ్డు మీద చూపు రోడ్డు మీదే ఉంచి వెళ్ళిపోయాడు. ఆపండి ఆపండి అని అరవబోయాను. కానీ ఆయన ఆగితే ఆ బండి మళ్ళీ కదులుతుందో లేదో అని నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చి చూస్తే తాళం. తాళంచెవి ఆయన జేబులో. దుకాణం మెట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. కిటికీలోంచి ఆ గది కనిపిస్తోంది. బండి పోతే ఎంత హాయిగా ఉంటుందో అని కలలు కన్నాను. ఇప్పుడు చూస్తుంటే ఆ ఖాళీ నాకు నచ్చలేదు. నిజం చెప్పనా, నేను బయల్దేరింది టైర్లు వచ్చాయని కాదు. గడప దాటిన సంగతి నువ్వు చెప్పందే నాకెలా తెలుస్తుంది? బండి ఆ గదిలోనే ఉన్నా సర్దుకుపోదాం, ఈయన లేకుండా ఇంకొక్క రోజు కూడా ఉండలేను అని బయల్దేరాను. నా కోసం అంత దూరం, అంత నెమ్మదిగా వస్తున్న మనిషిని చూశాక ఇంక కోపం ఎక్కడ పెట్టానో వెతుక్కున్నా దొరకడం లేదు.

ఈ ఉత్తరం తిరుగు బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఆయనకంటే ముందే నీకు చేరుతుంది, అందులో అనుమానం లేదు.

మీ
అక్క

తా.క.: నేను ఇంటికొచ్చేశానని మీ బావకి చెప్పు. కానీ ముందు భోజనం పెట్టి, తర్వాత చెప్పు. ముందే చెబితే తినకుండా బండి వెనక్కి తిప్పేస్తాడు.