అంబాసిడర్‌కు గ్యాస్ ఎక్కించాను

విమలా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ ఆయాసం ఇప్పుడు మన రాధకూ వచ్చింది. ఈరోజు ఖమ్మం డాక్టరుకు చూపించాను. టేకులపల్లి దారిలో బొగ్గు లారీల వెనుక అద్దాలు దించితే దానికి ఊపిరాడదు. అందుకే నిన్న కొత్తగూడెంలో మన పాత అంబాసిడర్ ఏసీ బాగుచేయించాను.

మెకానిక్ పైపులకు సబ్బు నురుగు రాసి లీకు పట్టాడు. "మీ బండికి గూడ ఆయాసమే సార్," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాషరు మార్చి, గ్యాస్ ఎక్కించి చెప్పాడు: "చల్లగయినంక కంప్రెషర్ టక్కున ఆగుతది. ఖరాబైందని పరేషాన్ గాకుండ్రి. మల్ల అదే లేస్తది."

పొద్దున అడవి దారిలో కంప్రెషర్ అలాగే ఆగింది. ఆ నిశ్శబ్దంలో తెలిసింది, వెనుక సీట్లో రాధ గొంతులోని పిల్లికూతలు కూడా వినిపించడం లేదు. బండి పక్కకు ఆపి, వెనక్కి తిరిగి దాని భుజం పట్టి ఊపాను.

"ఏంది నాయినా, జర నిద్రపోనియ్యవా?" అంది కళ్లు తెరవకుండానే. చల్లదనానికి ఆయాసం తగ్గి కునుకు పట్టిందట.

నీ పిల్లికూతలు ఆగినప్పుడు కూడా నిద్ర పట్టిందనే అనుకున్నాను.

కంప్రెషర్ మళ్లీ లేచింది. రాధ ఎంత విసుక్కున్నా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను. ఖమ్మం చేరేదాకా దాన్ని నిద్రపోనివ్వలేదు.