బాయిలర్ దగ్గరి మనిషికి సున్నా

మంగళవారం

ఇంకా కోపం తగ్గలేదు. మా కాలేజీలో మేం పాఠం చెప్పే ఇంగ్లీషు నవలలో దొరల ఆవిరి పడవ ఒక భయంకరమైన నదిలో ఎదురెక్కుతుంది. ఆ ప్రయాణంలో ఎవరికి ఎక్కువ ప్రమాదమని పరీక్షలో అడిగాం. బాయిలర్‌లో కట్టెలు వేసే నల్లజాతి మనిషికని నా విద్యార్థిని మేరీ రాసింది. మా ఇంగ్లీషు విభాగం హెడ్ ఆ జవాబుకి సున్నా వేశారు.

"ప్రమాదం దొరలకి కదమ్మా! ఆ కట్టెలేసేవాడు నవ్వించడానికున్నాడంతే," అన్నారు.

"మా తాత ఇక్కడే రైలింజన్లో బొగ్గేసినాడు సార్. బాయిలర్ పేలితే ముందు పోయేది బొగ్గేసినోడే. నవ్వడానికి ఏటుంది?" అన్నాను.

ఆయన దానికీ నవ్వారు. ఇద్దరం సంతకం పెట్టాల్సిన మార్కుల కాగితం మీద నేను పెట్టకుండా వచ్చేశాను. రేపు పిలిచినా పెట్టను.

కానీ పదకొండేళ్లుగా పాఠం చెబుతూ, ఆ బాయిలర్ మనిషి వచ్చే పేజీ దగ్గర పిల్లల్ని నవ్వించింది నేనే.